కాత్యాయని వీధిలో తొమ్మిదో మెట్టు

రాక 3109

కాత్యాయని గారు వచ్చారు, గంటసేపు ఉన్నారు, వెళ్ళారు. వీధిలో మూడు తేడాలు పెట్టాను. గవరమ్మ టీకొట్టు గడియారంలో పదమూడో అంకె, తపాలా డబ్బాలో బతికున్న కొరమీను, నాలుగో ఇంటి గుమ్మంలో రెండు నీడలున్న పిల్లి. మూడూ ఆవిడ కంటపడ్డాయి. కొరమీనుని చూసి నవ్వారు.

ఇదీ నా పని. మా మేస్త్రుల మీద అజమాయిషీ చేసే కచేరీ వారికి తెలిసిందే. అయినా ఏ కొత్త గుమాస్తా చేతిలోనో ఈ పుస్తకం పడితే తేడాల మేస్త్రి అంటే ఎవడని అడుగుతాడు కాబట్టి ఒకసారి రాసి పెడుతున్నాను. అటువైపు నిద్రపోయినవాళ్ళు ఇక్కడికి వస్తారు. వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళాలి. వెళ్ళాలంటే ఇది కల అనే అనుమానం వాళ్ళకి లోపల ఎక్కడో తగలాలి. ఆ అనుమానం నేను పెడతాను. మెత్తగా పెట్టాలి. బెదిరి లేచినవాళ్ళు ఆ వీధికి మళ్ళీ రారు, వాళ్ళు రాని వీధి నిలవదు. వీధి అంటే గోడలూ తలుపులే కాదు, మేమూను. గవరమ్మ, నేను, ఆ పిల్లి, అందరం ఆవిడ నిద్రలోంచి వచ్చినవాళ్ళమే.

ఆవిడ నర్సు. రాత్రి డ్యూటీ చేసి మధ్యాహ్నం కునుకు తీస్తారు. అందుకే మా వీధిలో ఎప్పుడూ రెండున్నర ఎండే. రేవులో గంట కొడితే రోజు మారిందని తెలుసుకుంటాం.

ఇవాళ ఈ వీధిలోని తన మేడ మీదనుంచి దిగి, మోకాలు పట్టుకుని అన్నారు: "ఈ మెట్ల సంగతి చూడవయ్యా మేస్త్రీ. ఎక్కేటప్పుడు తొమ్మిది ఉంటాయి, దిగేటప్పుడు ఎనిమిదే. ఉందనుకుని కాలు వేస్తానా, నేల తగిలి మోకాలు జిల్లుమంటుంది." చూస్తానమ్మా అన్నాను. ఆ జిల్లుమనడంతోనే ఆవిడకి మెలకువ వచ్చింది, వెళ్ళిపోయారు.

రాక 3110

మెట్లు చూశాను. సరిచేశాను. ఇప్పుడు ఎక్కినా తొమ్మిదే, దిగినా తొమ్మిదే.

ఇది తప్పు. ప్రతి వీధికీ పునాదితోపాటే ఒక తేడా వేస్తారు, దాన్ని మేస్త్రి ముట్టుకోకూడదు. మిగతా తేడాలు రోజూ మారతాయి, ఇది మారదు. ఆవిడ ఇరవై ఆరేళ్ళుగా ఆ లేని మెట్టు మీద కాలు వేసే ఇంటికి వెళ్తున్నారు. నాకు తెలుసు. తెలిసే ముట్టుకున్నాను. మేస్త్రినని పేరు పెట్టుకుని ఒక వంకర మెట్టుకి ఇరవై ఆరేళ్ళు కాపలా కాయడం నాకు మాత్రం ఏం సరదా? పైగా అడిగింది ఎవరు?

ఆవిడకి ఏడేళ్ళప్పుడు వాళ్ళింటికి సున్నం వెయ్యడానికి పైడయ్య అనే మేస్త్రి వచ్చాడట. అన్నం కూడా మానేసి మూడు రోజులు అరుగు మీద కూర్చుని అతని చెయ్యి ఎలా తిరుగుతోందో చూసిందట. ఆ చూపులోంచి నేను వచ్చాను. నా పేరు పైడయ్యే. అతను ఇప్పుడున్నాడో లేడో నాకు తెలియదు. ఆ పిల్ల ఇప్పుడు యాభై దాటిన మనిషి, మోకాలు నొప్పి అంటోంది. నాకు చెయ్యి ఊరుకోలేదు.

దిగి చూసి, "హాయిగా ఉందయ్యా" అన్నారు. ఆ మాటకి రోజంతా పొంగిపోయాను. గడియారంలో పదమూడో అంకె చూసి వెళ్ళారు. కొంచెం ఆలస్యం అయింది, అంతే.

రాక 3114

ఆవిడ నుదుటి మీద అడ్డంగా తెల్లటి గీత ఉంది. గవరమ్మ అదేమిటని అడిగింది. అటువైపు సంగతులు ఇక్కడికొచ్చాక రెండు నిమిషాలే గుర్తుంటాయి, ఆ రెండు నిమిషాల్లో చెప్పారు.

"నిద్రపట్టీ అని కొత్తగా వచ్చింది గవరమ్మా. తలకి పెట్టుకుంటే ఎంత గోలలోనైనా నిద్ర తెగదట. కలలో ఏదైనా తేడాగా ఉంటే అదే సరిచేసేస్తుందట. మూడు రోజులు సెలవు పెట్టాను. తలుపేసుకుని, ఫోనాపేసుకుని కడుపునిండా పడుకుంటాను. ఇరవై ఆరేళ్ళయింది నేను పడుకుని."

తరవాత ఆ మాటలన్నీ మరచిపోయి నులకమంచం మీద కాళ్ళు చాపుకున్నారు.

కొరమీనుని డబ్బాలో పెట్టాను. ఆవిడ చూశారు. చూసేసరికి ఉత్తరం అయింది. గడియారం వైపు చూశారు, పదమూడో అంకె చెరిగిపోయింది. పిల్లికి ఒక్క నీడే మిగిలింది. ఆవిడ వీపు వెనక నేను తలకిందులుగా పెట్టిన తలుపు మాత్రం అలాగే ఉంది. ఆవిడ కంటపడినదాన్నే పట్టీ సరిచేస్తోంది. పడనిది దాని లెక్కలో లేదు.

గంట అయింది. రెండు గంటలైంది. ఆవిడ వెళ్ళలేదు.

రాక 3114, రెండో రోజు

వీధికి ఇంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ ఉన్నంతసేపూ గోడలు గట్టిపడతాయి. నాలుగో ఇంటికి ఎప్పుడూ లేని కిటికీలు వచ్చాయి, కిటికీలకి పచ్చరంగు వచ్చింది. గవరమ్మ టీకి అల్లం వాసన వచ్చింది. ఆమె ఆ గిన్నె మీదికి వంగి వంగి వాసన చూసుకుంటోంది.

ఆవిడ మేడ దిగారు. తొమ్మిది మెట్లు, ఒక్కటీ తగ్గలేదు. హాయిగా దిగారు. నా తాపీతో నా చెయ్యి నరుక్కోవాలనిపించింది. ఆవిడ మళ్ళీ మేడ ఎక్కాక సుత్తి తీసి ఆ తొమ్మిదో మెట్టు పగలగొట్టాను. ఆవిడ పైనుంచి తొంగి చూసి, "ఏమిటా చప్పుడు మేస్త్రీ" అన్నారు. చూసేసరికి మెట్టు అతుక్కుపోయింది.

టీకొట్టు దగ్గర నీళ్ళు అడిగారు. తాగారు. మళ్ళీ అడిగారు.

రాక 3114, మూడో రోజు

కచేరీకి కబురు పంపాను. జవాబు వచ్చింది. యథాతథంగా ఎక్కిస్తున్నాను: "నిద్రపట్టీ విషయం పరిశీలనలో ఉన్నది. మేస్త్రులు నిర్దేశించిన తేడాలనే కొనసాగించవలెను. నిద్రితులను బెదిరించుట ఎట్టి పరిస్థితిలోను నిషిద్ధము." చాలా సంతోషం. పరిశీలించండి. మీ కచేరీ ఎవరి కునుకులోంచి వచ్చిందో గానీ, వాళ్ళు పట్టీ కొనుక్కోలేదు కాబోలు.

పక్కది నీలకంఠం గారి వీధి. ఆయన కూడా నుదుటి మీద తెల్లగీతతో వచ్చి అయిదు రోజులు అరుగు మీద కూర్చున్నారు. ఇవాళ రేవులో గంట మొదలయ్యేసరికి ఆ వీధి ఉంది. మోత ఆగేసరికి లేదు. అక్కడి మంగలి సూరన్న గుమ్మంలో నిలబడి నాకు చెయ్యి ఊపుతున్నాడు. ఆ ఊపుతున్న చెయ్యీ లేదు, గుమ్మమూ లేదు. మనిషి అటువైపు పోతే వీధి అలా పోతుంది, ఒక్క విసురున.

బెదిరి లేచిన వీధి వేరు. తిరుమలదేవి గారి వీధికి ఒకసారి ఉత్తరాన పీడకలలుండే నల్లకోటనుంచి ఒక రెక్కల జంతువు దారి తప్పి వచ్చింది. ఆవిడ కెవ్వుమని లేచారు, మళ్ళీ రాలేదు. ఆ వీధి పోవడానికి నలభై రోజులు పట్టింది. ముందు ముగ్గులు, తరవాత కిటికీలు, ఆ తరవాత మనుషులు. ఆవిడ అటువైపు బతికే ఉన్నారు, వీధిని మరచిపోతున్నారు, అంతే.

ఇదంతా గవరమ్మకి చెప్పాను. మెత్తటి తేడా ఏదీ పని చెయ్యదు, ఇక బెదిరించి లేపాలి అన్నాను. ఆమె గ్లాసు కింద పెట్టేసింది.

"లేపీసి? మనం నలభై రోజుల్లో పోవాలేటి? ఉండనీ అన్నియ్యా. ఆయమ్మ ఉన్నాదంటే నా టీకి వాసనొచ్చినాది. వీధికి రంగొచ్చినాది. నీకేటి కడుపుమంట?"

"కడుపుమంట కాదే. అక్కడ తలుపేసుకుని పడున్నాది. నోట్లో నీళ్ళు పోసే దిక్కు నేదు."

"నా కాడ తాగుతున్నాది కదేటి. గంట కొట్టినకాడినించీ పదకొండు గ్లాసులు తాగీసినాది."

"దాహం తీరినాదా మరి?"

అప్పుడే ఆవిడ వచ్చి పన్నెండో గ్లాసు అడిగారు. పెదాలు పగిలి ఉన్నాయి. పన్నెండోదీ తాగి, గ్లాసు తిరిగి ఇస్తూ, "ఎందుకో పొడి తాగినట్టుంది గవరమ్మా" అన్నారు. గవరమ్మ ఆ గ్లాసు చాలాసేపు చేతిలోనే పట్టుకుంది.

రాక 3114, నాలుగో రోజు

ఇదీ రాసి పెడుతున్నాను.

ఆవిడ మంచం మీద వాలి, ఎడమ మణికట్టు మీద కుడిచేతి వేళ్ళు వేసి, టీకొట్టు గడియారం వైపు చూస్తున్నారు. పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నారు. నేను దగ్గరికి వెళ్ళాను.

"మేస్త్రీ, ఈ పేషెంటు నాడి బాగాలేదయ్యా. నూట ముప్పై దాటింది. సన్నగా కొట్టుకుంటోంది. ఒంట్లో నీళ్ళు లేవు. వెంటనే సెలైన్ పెట్టాలి. డ్యూటీలో ఎవరున్నారు?"

"ఎవలూ నేరమ్మా."

"ఎవరూ లేకపోవడమేమిటి? ఎవరినో ఒకరిని పిలు."

పట్టుకున్నది తన చెయ్యే అని ఆవిడకి తెలియడం లేదు. పక్కింట్లో ఎవరికో ఒంట్లో బాగాలేనట్టు బాధపడుతున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ చూడకుండా గోడవైపు తిరిగి ఏడ్చాను.

తరవాత గవరమ్మ కొట్టు దగ్గర కూర్చున్నాను. ఏం చెయ్యబోతున్నానో దాచకుండా చెప్పాను. ఆవిడ పైన ఉండగా మెట్లు పగలగొడతాను. ఒక్క మెట్టు చాలదు, పట్టీ గట్టిది. కింది అయిదూ తీసేస్తాను. ఆవిడ కాళ్ళవైపు చూడకుండా దిగాలి. చూస్తే పట్టీ అతికించేస్తుంది. చూడకపోతే పడతారు. పడితే ఎంతటి నిద్రైనా తెగుతుంది. ఇక్కడ పడితే ఒంటికేమీ కాదు, భయం మాత్రం భయమే. ఇక మళ్ళీ రారు.

గవరమ్మ పొయ్యి ఆర్పింది. పాలగిన్నె మూతపెట్టింది.

"కాళ్ళు సూడకుండా ఎలా దిగుతాది అన్నియ్యా?"

"అదే నాకూ తోచట్నేదు."

"చేతిలో ఏదైనా ఉంటే సూడదు. నిండా ఉంటే." లోపలికి వెళ్ళి ఇత్తడి బిందె తెచ్చింది. చెంబుతో పోస్తూ పోస్తూ అంచుదాకా నింపింది. ఇంకో చుక్క పడితే ఒలికిపోతుంది. "నాను పట్టికెళ్ళి పైన పెడతాను. నువ్వైతే ఒలకబోసీస్తావు" అంది.

రాక 3114, అయిదో రోజు

గంట కొట్టగానే పని మొదలుపెట్టాను. ఆవిడ లోపలి గదిలో ఉన్నారు. సుత్తికి గోనె చుట్టి చప్పుడు లేకుండా కొట్టాను. అయిదు మెట్లు పోయాయి. నా జీవితంలో అంత శుభ్రంగా ఏ పనీ పాడుచెయ్యలేదు.

కిందినుంచి పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. "నాకు లేవాలని లేదు మేస్త్రీ" అన్న మాట గొంతులోంచి గాలిలాగా వచ్చింది. తన కోసం ఆవిడ లేవరు. ఆ సంగతి నాకు ముందే తట్టి ఉండాల్సింది.

"అమ్మా, కింద ఎవలికో దాహమేస్తోంది. ప్రాణం మీదకొచ్చినాది. గుమ్మంలో బిందె ఉంది, తెస్తారేటి?"

లేచారు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని, బిందె రెండు చేతులా పొట్టకి ఆనించుకుని గుమ్మంలోకి వచ్చారు. నీళ్ళు ఒలుకుతాయని కళ్ళు బిందె అంచు మీదే పెట్టారు. మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగడం ఆవిడకి అలవాటు.

"ఒకటి. రెండు. మూడు. నాలుగు."

అయిదు అంటూ కాలు వేశారు.

పడుతూ తల ఎత్తి నన్ను చూశారు. సుత్తి నా చేతిలోనే ఉంది. ఏడేళ్ళప్పుడు అరుగు మీద కూర్చుని చూసిన పిల్ల కళ్ళే అవి, కానీ ఆ చూపు కాదు. వీడు నన్ను చంపుతున్నాడు అనే చూపు. కేక వేశారు. బిందె నేలకి కొట్టుకుని దొర్లింది, నీళ్ళు మట్టిలో ఇంకాయి. ఆవిడ లేరు.

గవరమ్మ వచ్చి బిందె తీసింది. సొట్ట పడిందని చీరకొంగుతో తుడుస్తూ కూర్చుంది.

రాక లేదు, మొదటి రోజు

రేవులో గంట మొదలయ్యింది. గవరమ్మా నేనూ కొట్టు ముందు బల్ల మీద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నాం. ఆవిడ లేచేసరికే ఆలస్యమైపోయి ఉంటే, లేచినా తలుపుదాకా పాకలేకపోయి ఉంటే, ఈ మోత ఆగేసరికి మేం ఉండం. మోత ఆగింది. ఉన్నాం.

"బతికున్నాదేటి?" అంది గవరమ్మ. ఈ పూటకి ఉన్నట్టే అన్నాను.

రాక లేదు, నాలుగో రోజు

ఏమీ పోలేదు. పోకపోతే ఇంకా భయంగా ఉంది. మరుపు మొదలైతేనే గదా మనిషి తేరుకున్నట్టు. ఆసుపత్రిలో పెట్టి ఉంటారు, మరచిపోయే ఓపిక కూడా వచ్చి ఉండదు అనుకున్నాను.

రాక లేదు, ఆరో రోజు

నాలుగో ఇంటి ముందు ముగ్గు పోయింది. గవరమ్మని పిలిచి చూపించాను. ఇద్దరం నవ్వుకున్నాం. ముగ్గు పోతే నవ్విన మనుషులు ఈ లోకంలో మేమిద్దరమే అయ్యుంటాం.

రాక లేదు, పదిహేడో రోజు

పచ్చ కిటికీలు పోయాయి. తపాలా డబ్బా పోయింది. మెట్లు మళ్ళీ కట్టడం మొదలుపెట్టాను. ఎవరికోసం అని గవరమ్మ అడిగింది. ఎవరికోసమూ కాదు. చెడగొట్టింది నేను, ఎలా ఉన్నది అలా పెట్టాలి. ఎక్కితే తొమ్మిది, దిగితే ఎనిమిది రావాలి. సరైన మెట్టు కట్టడం ఎవరికైనా వస్తుంది. ఈ వంకర కట్టడానికి ఆరుసార్లు పడగొట్టాల్సి వచ్చింది.

రాక లేదు, ఇరవై తొమ్మిదో రోజు

గవరమ్మ పోయింది. గ్లాసులు తోముతూ ఉంది. టీకి వాసన పోయిందని ముందురోజే చెప్పింది. ఇవాళ నాలుగో గ్లాసు తోముతూ, "అన్నియ్యా, ఆయమ్మ మోకాలు ఎలాగున్నాదో" అంది. అయిదో గ్లాసు నీళ్ళలోనే ఉంది.

నేను కూర్చుని ఏడ్చాను. నేను చేసిన పనికి ఆమె పోయింది, తెలిసి తెలిసి బిందె నింపి మరీ పోయింది. కచేరీ వారు నా పేరు కొట్టేస్తే కొట్టేయండి. ఆమె పేరు మాత్రం ఎక్కడైనా రాసి ఉంచండి. కోరాడ గవరమ్మ, టీకొట్టు, కాత్యాయని వీధి.

రాక లేదు, ముప్పై ఆరో రోజు

మేడ పోయింది. మెట్లు మిగిలాయి, ఎక్కితే పైన ఏమీ లేదు. ఎక్కాను. తొమ్మిది. దిగాను. ఎనిమిది. కాలు నేలకి కొట్టుకుని మోకాలు జిల్లుమంది. పని కుదిరింది.

రాక లేదు, ముప్పై తొమ్మిదో రోజు

ఇవాళ నా ఎడమ చెయ్యి పోయింది. మణికట్టుదాకా. నొప్పేమీ లేదు. చూస్తూ ఉండగా మోచెయ్యిదాకా వచ్చింది. నిన్న తాపీ, ఇవాళ చెయ్యి, రేపు ఇంకేదో. ఒక్క విసురున కాదు. నెమ్మదిగానే పోతోంది. నా తల్లి బతికే ఉంది.